సికిల్ సెల్‌ను ఎవరి ఖాతాలో రాద్దాం?

అందరికీ నమస్కారం.

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం, పక్క గుట్ట మీద బిర్లా మందిర్. హైదరాబాద్ చూడ్డానికొచ్చిన చుట్టాలు స్వామి దర్శనం చేసుకుని, అదే పూట ఇటొచ్చి, కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీస్తారు. మన తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, 15 కోట్ల ఏళ్లకు పైబడినవి. ఈ గుట్ట దిగి ఆ గుట్ట ఎక్కడంలో ఎవరికీ టెన్షన్ ఉండదు. రెండింటినీ కలిపి ఆలోచించనంతవరకు.

నా మాట ముందే చెప్పేస్తాను. జీవులు తరతరాలుగా మారుతూ కొత్త జీవులయ్యాయనే పరిణామాన్ని ఒప్పుకున్నంత మాత్రాన దేవుణ్ణి వదులుకోనక్కర్లేదు. కానీ "అంతా ఆయనే దగ్గరుండి నడిపించాడు" అన్నారంటే, ఆ మాటతో పాటు నెత్తికెత్తుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ఈ పరిణామాన్ని వివరించిన డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. అమెరికాలో దాన్ని గట్టిగా సమర్థించిన వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే దైవభక్తుడు. జీవుల్లో వచ్చే చిన్న చిన్న మార్పులను దేవుడే మంచి దారిలో నడిపిస్తున్నాడని ఆయన నమ్మకం. డార్విన్‌కు అది మింగుడుపడలేదు. 1860లో గ్రేకు ఉత్తరం రాస్తూ ఒక రకం కందిరీగల సంగతి ఎత్తాడు. వాటి పిల్లలు గొంగళిపురుగును బతికుండగానే లోపలినుంచి తినేస్తాయి. దయగల దేవుడు కావాలని ఇలాంటి జీవిని చేశాడంటే నమ్మలేనన్నాడు. ఆ డార్వినే 1879లో ఇంకొకరికి రాస్తూ, గట్టి ఆస్తికుడు పరిణామవాదిగానూ ఉండొచ్చు, అందులో అనుమానమే లేదన్నాడు. ఉదాహరణగా గ్రే పేరే చెప్పాడు. వాదం ఒప్పుకోకుండానే మనిషిని గౌరవించాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇది అరుదు.

మార్పులు అవసరాన్ని బట్టి వస్తాయా, వాటంతటవే వస్తాయా? 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. దేవుణ్ణి వెతకడానికి కాదు లెండి. బాక్టీరియాను చాలా గొట్టాల్లో విడివిడిగా పెంచి, తర్వాత వాటిని చంపే వైరస్‌తో కలిపారు. వైరస్ ఎదురయ్యాకే తట్టుకునే శక్తి పుడుతుంటే, ప్రతి గొట్టంలోనూ బతికినవి ఇంచుమించు ఒకే లెక్కలో ఉండాలి. కొన్నింటిలో ఒక్కటీ మిగల్లేదు, కొన్నింటిలో వందల్లో మిగిలాయి. అంటే ఆ మార్పు వైరస్ రాకముందే ఎప్పుడో జరిగిపోయింది. ఎంత ముందు జరిగితే అంత సంతానం. ఆపద వస్తోందని బాక్టీరియాకు ఎవరూ కబురు పెట్టలేదు.

"ఆ యాదృచ్ఛికం వెనకా దేవుడే ఉన్నాడు" అనొచ్చు. ఏ ప్రయోగమూ కాదనలేదు. అవుననీ అనలేదు. పూజగదిలో ఆ మాటకు చోటుంది, జీవశాస్త్రం క్లాసులో లేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. మన ఏజెన్సీ ప్రాంతాల ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే వస్తుంది. మారిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే, ప్రాణాంతకమైన మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి, రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో భరించలేని నొప్పి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో మారిన జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం ముప్పు. మలేరియా ఉన్నచోట ప్రకృతివరణం, అంటే బతకడానికి పనికొచ్చే మార్పు తరతరాలకూ మిగలడం, ఆ జన్యువును నిలబెట్టింది. కొందరు బతకడానికి మరికొందరు పిల్లలు మూల్యం చెల్లిస్తున్నారు.

రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే, మన బేగంపేటలో. ఆ సంతోషంలో దేవుడికి కృతజ్ఞత చెబుతూ పద్యం కూడా రాసుకున్నాడు. కనిపెట్టినందుకు దేవుడికి దండం పెట్టడం సులువే. మరి ఆ పరాన్నజీవినీ, సికిల్ సెల్‌నూ ఎవరి ఖాతాలో రాద్దాం? పూర్వజన్మ కర్మ అంటారు కొందరు. నొప్పితో మెలికలు తిరిగే పసిపిల్ల ముందు నిలబడి ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

డోబ్జాన్‌స్కీ అనే గొప్ప జన్యుశాస్త్రవేత్త క్రైస్తవుడు. దేవుడు సృష్టి చేసే పద్ధతే పరిణామం అన్నాడు. నియమాలు పెట్టి వాటిని పనిచేయనిచ్చే దేవుడైతే చిక్కు కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఆ నియమాలు పెట్టిందీ ఆయనే కదా. పైగా అలాంటి దేవుడితో వీసా కోసం చిల్కూరులో 11 ప్రదక్షిణలు చేసేవాళ్లకు పని జరగదు. చాలామందికి ఇబ్బంది డార్విన్‌తో కాదు, ఇక్కడే అని నా అనుమానం.

ప్రశ్నల్లో దశావతారాలు ఎలాగూ వస్తాయి కాబట్టి ముందే చెబుతాను. చేప, తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు: ఈ వరసలో పరిణామక్రమం పోలిక ఉందని హాల్డేన్ కూడా అన్నాడంటారు. 1957లో మన దేశానికొచ్చి స్థిరపడిన శాస్త్రవేత్త ఆయన. మలేరియాకూ రక్తజబ్బులకూ ఉన్న లంకెను 1949లోనే ఊహించినవాడు. పోలిక ముచ్చటగానే ఉంది. కానీ నరసింహుడు వరాహానికి పుట్టలేదు. పరశురాముడు ఉండగానే రాముడొచ్చాడు, ఇద్దరూ ఎదురుపడ్డారు కూడా. కల్కి వస్తాడన్నది ముందే ఖాయమైపోయింది. మన తర్వాత ఏ జీవి వస్తుందో పరిణామంలో ఎవరూ ఖాయం చేసి పెట్టలేదు.

ఇక మీరు అడగండి, మైకు అటు పంపిస్తున్నాను.