స్కానింగ్‌లో తొడ కండ, కుర్చీలో అసలు పరీక్ష

(తెర మీద: చేతులు లేని కుర్చీ. డెబ్బై దాటిన ఒకావిడ రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని కూర్చుని ఉన్నారు. మూలన స్టాప్‌వాచ్.)

ఈవిడ చేతులు ఎక్కడా ఆనించకుండా ఐదుసార్లు లేచి నిలబడాలి. మొదటి రెండుసార్లు బాగానే లేచారు. మూడోసారి ఒళ్లంతా ముందుకు ఊపి, ఆ ఊపు మీద లేచారు చూడండి. ఐదోసారి నిటారుగా నిలబడేసరికి 17 సెకన్లు. ఆసియా దేశాల సార్కోపీనియా నిపుణుల బృందం 2019లో చెప్పిన లెక్క ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే శరీర పనితీరు తగ్గినట్టే. యూరప్ బృందం 15 దాటితే అంటుంది. ఏ లెక్కన చూసినా ఈవిడ విషయం పట్టించుకోవాల్సిందే.

సార్కోపీనియా అంటే వయసుతో పాటు కండ, కండలోని సత్తువ తగ్గిపోవడం. 1980ల చివర్లో వచ్చిన పేరు ఇది.

తమాషా ఏంటంటే, ఈవిడ బరువు తగ్గలేదు. తొడ చుట్టుకొలత కూడా తగ్గినట్టు లేదు. మరి సత్తువ ఎటు పోయింది? టేపుతో కొలిస్తే తెలియదు. లోపలికి చూడాలి.

(తెర మీద: మంచం మీద వెల్లకిలా పడుకున్న ఆవిడ. తొడ ముందువైపు పెన్నుతో చిన్న గుర్తు.)

పడుకోగానే స్కాన్ చేయరు. నిలబడి ఉన్నంతసేపూ కాళ్లలోకి దిగిన నీరు సర్దుకోవాలి కదా, కొన్ని నిమిషాలు ఆగుతారు. తుంటి ఎముకకూ మోకాలి చిప్పకూ మధ్య సగం దూరంలో గుర్తు పెట్టి, జెల్ ధారాళంగా రాస్తారు.

(తెర మీద: అల్ట్రాసౌండ్ బొమ్మ, దగ్గరగా.)

పైనుంచి కిందికి చదువుదాం. చర్మం కింద కనిపించేది కొవ్వు పొర. దాని కింద తెల్లటి గీత. ఆ గీత కింద కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టున్నది రెక్టస్ ఫెమోరిస్, తొడ ముందువైపు కండ. ఇంకా కింద వాస్టస్ ఇంటర్మీడియస్ అనే మరో కండ. అడుగున విల్లులా వంగి మెరిసిపోతున్నది తొడ ఎముక. దాని వెనకాల అంతా చీకటే, శబ్దం ఎముకను దాటి పోలేదు.

ఇప్పుడు ప్రోబ్‌ను, అంటే చర్మం మీద ఆనించే స్కానింగ్ పరికరాన్ని, కాస్త నొక్కుతున్నారు... చూశారా? గుడ్డు చపాతీ అయిపోయింది. మందం తగ్గిపోయింది. కండ ఎక్కడికీ పోలేదు, కొలిచే చేయి బరువైంది అంతే. అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య జెల్ పొర ఒకటి కనిపించేలా పట్టుకుంటారు. మిల్లీమీటర్లలో కొలిచేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మందం ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. అసలు కథ రంగులో ఉంది.

(తెర మీద: రెండు బొమ్మలు పక్కపక్కన. ఒకటి నల్లగా, ఒకటి బూడిద రంగులో.)

రెండు కండలూ దాదాపు ఒకే మందం. ఎడమది నల్లగా ఉంది, మధ్యలో సన్నటి తెల్ల గీతలు. కుడిది మంచు కమ్మినట్టుంది. కండ పోగుల మధ్యకి కొవ్వు, పీచు కణజాలం చేరితే శబ్ద తరంగాలు తగిలి వెనక్కి తిరిగే చోట్లు ఎక్కువవుతాయి, బొమ్మ తెల్లబడుతుంది. దీన్ని ఎకో ఇంటెన్సిటీ అంటారు. పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 255. ఆవిడది కుడివైపు బొమ్మ.

వయసు పెరిగేకొద్దీ చటుక్కున బిగుసుకునే పోగులు ఎక్కువగా సన్నబడతాయి. కాలు తడబడినప్పుడు పడిపోకుండా ఆపేవి అవే. ఆడవాళ్లలో మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గడం కూడా దీనికి తోడవుతుంది. అసలే మగవాళ్లకంటే కండ తక్కువ, ఉన్నదాంట్లోంచే ఈ తరుగు.

అయితే రంగును కూడా గుడ్డిగా నమ్మకూడదు. మిషన్‌లో గెయిన్, అంటే బొమ్మ వెలుగును మార్చే సెట్టింగ్, కాస్త పెంచితే ఎవరి కండైనా తెల్లగా కనిపిస్తుంది. చర్మం కింద కొవ్వు పొర మందంగా ఉంటే శబ్దం దారిలోనే బలహీనపడి, కండ ఉన్నదానికంటే నల్లగా, అంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది. ఆడవాళ్ల తొడల దగ్గర ఈ పొర మగవాళ్లకంటే మందం కాబట్టి ఈ పొరపాటు వాళ్ల విషయంలోనే ఎక్కువ. పైగా కండ మందం ఇంతకంటే తక్కువైతే ప్రమాదం అని అన్ని మిషన్లకూ, అందరికీ సరిపోయే ఒక్క అంకె అల్ట్రాసౌండ్‌కు ఇంకా లేదు. వేరే చోట తీసిన రిపోర్టు పక్కన పెట్టుకుని టెన్షన్ పడటం దండగ.

మరి దీని వల్ల లాభం? రేడియేషన్ లేదు, మిషన్‌ను మంచం దగ్గరికే తీసుకురావచ్చు, ఎన్నిసార్లైనా చూడొచ్చు. నన్నడిగితే దీని బలం అక్కడే ఉంది: అదే మనిషి, అదే మిషన్, అదే సెట్టింగ్, అదే పెన్ను గుర్తు, అప్పటికీ ఇప్పటికీ తేడా చూసుకోవచ్చు.

(తెర మీద: మళ్లీ అదే కుర్చీ.)

ఈవిడ కాళ్లకు బరువులతో వ్యాయామం మొదలుపెట్టి నెల అయింది. స్కానింగ్‌లో మందం దాదాపు అంతే. కండ పెరగడానికి ఇంకా టైం పడుతుంది, ఉన్న కండను గట్టిగా వాడుకోవడం మాత్రం నరాలు ముందే నేర్చేసుకుంటాయి. స్టాప్‌వాచ్ చూడండి. ఐదోసారి లేచేసరికి 14.