పాస్‌పోర్టులో నా రెండో పేరు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, మన సంఘం అధ్యక్షులవారికి, నన్ను మూడుసార్లు ఫోన్ చేసి ఒప్పించిన కార్యదర్శిగారికి, ఆదివారం సాయంత్రం ఈ మద్రాసు ఎండల్లో టీ నగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పెరంబూరు నుంచి మా చెల్లెలు, మరిది వచ్చారు. వాళ్లకి ప్రత్యేకంగా ఎందుకు నమస్కారం చెప్పాలో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆహ్వాన పత్రికలో "పది నెలల విదేశీ యాత్ర, ఒక జంట అనుభవాలు" అని వేశారు. మావారు నాలుగు వందల ఫొటోలు పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చారు. అవి తప్పకుండా చూద్దాం. 2023 ఫిబ్రవరిలో బయల్దేరి దుబాయి, మారిషస్, పోర్చుగల్, స్పెయిన్, వియత్నాం, మలేషియా తిరిగి డిసెంబరు ఆఖరుకి వచ్చాం. రిటైరైన వాళ్లం, పిల్లలు స్థిరపడ్డారు, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. అందుకని వెళ్లాం. అయితే మా ప్రయాణం మొదలవ్వాల్సింది ఫిబ్రవరిలో కాదు, 2022 నవంబరులో. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి.

అశోక్‌నగర్‌లో మా ఇల్లు అద్దెకిచ్చేశాం. సామానంతా ఒక గదిలో పెట్టి తాళం వేశాం. గ్యాస్ కనెక్షన్, పాలు, పేపరు అన్నీ ఆపించాం. నవంబరు 23, బుధవారం రాత్రి విమానం. రెండు సూట్‌కేసులు, ఒక దాంట్లో అరకిలో ఇంగువ, గోంగూర పచ్చడి, చిన్న కుక్కరు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మావారి పాస్‌పోర్టు చూసింది, సరే అంది. నాది చూసింది, తిప్పింది, మళ్లీ చూసింది. లోపలికెళ్లి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన అన్నారు: "సార్, మీరు వెళ్లొచ్చు. మేడమ్‌ని పంపలేం. మేడమ్‌కి ఒకటే పేరు ఉంది."

ఒకటే పేరు. నాకు అర్థం కాలేదు. మనిషికి ఎన్ని పేర్లుంటాయి?

జరిగిందేమిటంటే, సరిగ్గా ఆ వారమే, నవంబరు 21న, దుబాయివాళ్లు కొత్త నిబంధన తెచ్చారు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి, సర్‌నేమ్ అన్న గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వరు. కొద్ది రోజులకే దాన్ని సడలించారు, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలన్నారు. కానీ ఆ రాత్రి కౌంటర్లో ఉన్నవాళ్లకి సడలింపు సంగతి తెలియదు, నాకూ తెలియదు. నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏమీ లేదు. గివెన్ నేమ్ అన్న గడిలో మా అమ్మానాన్నలు పెట్టిన పేరొక్కటే ఉంది.

మావారు ఇద్దరి టికెట్లూ రద్దు చేయించారు. రాత్రి రెండు గంటలకి టాక్సీ ఎక్కాం. డ్రైవరు ఎక్కడికి అని అడిగితే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇల్లు అద్దెకిచ్చేశాం కదా! అప్పుడు పెరంబూరు పోనివ్వమన్నాను. మా చెల్లెలు తలుపు తీసి ఒక్క మాట అడగలేదు. పక్క వేసింది. రెండున్నర నెలలు వాళ్లింట్లో ఉన్నాం. అదమ్మా, నీకు ఈ సభాముఖంగా నమస్కారం ఎందుకో.

ఇక్కడున్న వాళ్లలో చాలామంది సంగతి నాలాంటిదే అనుకుంటాను. మనం తెలుగువాళ్లం. మనకి ఇంటిపేరు ఉంది. ఆంధ్రలో, తెలంగాణలో పుట్టినవాళ్లకి బళ్లో చేరినప్పుడే ఇంటిపేరు ముందు రాస్తారు. మనం ఇక్కడ, మద్రాసులో పుట్టి పెరిగాం. ఇక్కడి పద్ధతి వేరు, ఇనిషియల్ పద్ధతి. నాన్న పేరులో మొదటి అక్షరం, చుక్క, తర్వాత మన పేరు. తమిళుల పద్ధతి వాళ్లకి సరిపోతుంది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. మనం మాత్రం ఆ అక్షరం తీసుకుని ఇంటిపేరుని వదిలేశాం. నా పేరు ముందున్న అక్షరం పెళ్లికి ముందు నాన్నది, పెళ్లయ్యాక మావారిది. పాస్‌పోర్టులో ఇనిషియల్ ఒప్పుకోరు, మొత్తం విప్పి రాయాలి. దరఖాస్తు నింపిన ఏజెంటు ఎందుకొచ్చిన గొడవ అని ఆ గడి ఖాళీగా వదిలేశాడు. నేను సంతకం పెట్టాను.

ఒక మాట. మనం కూర్చున్న పేట పేరే చూడండి. టీ నగర్. టీ అంటే త్యాగరాయ చెట్టిగారు, ఆయన ఇంటిపేరు పిట్టి. నాలుగడుగులు వేస్తే పానగల్ పార్కు. పానగల్ రాజావారి అసలు పేరు పానగంటి రామరాయణింగారు. ఇద్దరూ తెలుగువాళ్లు, ఒకప్పటి మద్రాసు రాజకీయ నాయకులు. ఒకాయన ఒక్క అక్షరంగా మిగిలారు, ఇంకొకాయన ఒక పార్కు గేటుగా మిగిలారు. ఆటో ఎక్కి టీ నగర్ అనేటప్పుడు మనకి ఎవరు గుర్తొస్తున్నారు?

సరే, ప్రయాణం లోకి వస్తాను. కొత్త పాస్‌పోర్టుకి వెళ్లినప్పుడు కౌంటర్లో ఆయన సర్‌నేమ్ ఏం రాయమంటారు అని అడిగారు. వెనక క్యూ ఉంది, ఆలోచించే తీరిక లేదు. భర్త పేరుకి కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి. భర్త పేరు రాసెయ్యండి అన్నాను. అలా మావారి పేరు నా ఇంటిపేరు అయింది.

దుబాయిలో ఐదు రోజులు, మా అక్క కూతురింట్లో. అక్కడి నుంచి మారిషస్. అక్కడ రెండు నెలలు ఉన్నాం. మార్చి 22న ఉగాది వచ్చింది. ఉగాదికి మారిషస్‌లో దేశమంతా సెలవు, మీకు తెలుసా? మద్రాసులో నేను టీచరుగా పనిచేసిన ముప్ఫై ఒక్క ఏళ్లలో ఉగాది సెలవు కోసం హెడ్‌మిస్ట్రెస్‌ని ఎన్నిసార్లు బతిమాలానో! అక్కడ గుళ్లో పచ్చడి పంచారు. వేపపువ్వు ఉంది, చేదుగా, సరిగ్గా మనదే. పంచుతున్న పెద్దావిడకి తెలుగు నాలుగు మాటలే వచ్చు. మిగతాదంతా అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్. అయినా "తిను, అక్కా, తిను" అంది నాతో.

ఆవిడ నన్ను పోర్ట్‌లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కి తీసుకెళ్లింది. కూలీలుగా వెళ్లినవాళ్లు ఓడ దిగి ఎక్కిన 16 మెట్లు అక్కడ ఉన్నాయి, నల్లరాతి మెట్లు. 1834 నుంచి 1920 దాకా మన దేశం నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. మన తెలుగువాళ్లు కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి 1843లో ఒక ఓడలో వెళ్లారు. అందుకే అక్కడివాళ్లు మనవాళ్లని కొరంగీలు అని పిలిచేవారట. ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది.

మర్నాడు మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ సంస్థకి వెళ్లాం. వలస వచ్చినవాళ్ల రిజిస్టర్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆవిడ తన ముత్తాత కాగితం నకలు తీసుకుని ఉంది, అది నా చేతికిచ్చింది. ఒక నంబరు. పేరు. తండ్రి పేరు. వయసు. ఎత్తు. కులం. ఊరు. పుట్టుమచ్చలు, గాయపు మచ్చల గడిలో "కుడి మోకాలి మీద మచ్చ" అని ఉంది. ఇంటిపేరుకి గడే లేదు. ఆ ముత్తాతని వాళ్ల అమ్మ పిలిచిన పేరుని, ఆ గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాశాడు. ఆ ఒక్క పేరే ఈ రోజుకీ ఆ కుటుంబం అందరికీ సర్‌నేమ్. మారిషస్‌లో అప్పడు, రామసామి లాంటి ఇంటిపేర్లు ఎన్నో అలాంటివే, ఎప్పుడో ఓడ దిగిన ఒక మనిషి సొంత పేర్లు. మా అసలు ఇంటిపేరు ఏమై ఉంటుంది, ఊరిపేరు చూసి చెప్పగలవా అక్కా, అని ఆవిడ నన్ను అడిగింది. ఊరిపేరు కూడా సగం చెరిగిపోయి ఉంది. చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, ఇది నేనెక్కడా చెప్పలేదు. ఆ గుమాస్తా చేసిన పని ముప్ఫై ఒక్క ఏళ్లు నేనూ చేశాను. ప్రతి జూన్‌లో హాజరుపట్టీ కొత్తది రాసేదాన్ని. తెలుగు పిల్లాడు వచ్చి ఇంటిపేరుతో సహా పేరంతా చెప్పేవాడు. నేను అంత పొడుగు వద్దు నాన్నా, ఇనిషియల్ చెప్పు అనేదాన్ని. నాన్న పేరేమిటి? అక్షరం, చుక్క. ఎర్ర గీత కొట్టి తర్వాత పేరు. ఎంతమంది పిల్లలకి అలా చేశానో లెక్క లేదు. అక్కడ ఆ గుమాస్తాకి మన భాష రాదు. నాకు వచ్చు.

క్షమించండి, గొంతు పట్టేసింది. ఒక్క నిమిషం.

యూరప్ గురించి అడుగుతారని తెలుసు. బాగుంది. అక్కడి చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాలో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి, మేము 82 రోజులు ఉన్నాం. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి, దాంట్లో బేరం పెట్టొద్దు. లిస్బన్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ కింద వీధి పొడుగునా బట్టలు ఆరేసి ఉండేవి. మావారు ఆ ఫొటోలు చూపిస్తారు. వియత్నాంలో ఆగస్టు 15 నుంచి 90 రోజుల ఈ-వీసా మొదలైంది, మాకు కలిసొచ్చింది. నవంబరులో మావారి పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా, డానాంగ్‌లో బాల్కనీలో నిలబడి ఫోన్‌కి మొహం చూపించి పంపేశారు. బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్‌ని రోమింగ్‌లో ఉంచుకోండి. ఇవన్నీ మీరు ఎవర్నడిగినా చెప్తారు.

మలేషియా సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ ఏడు డిసెంబరు 1 నుంచి మన వాళ్లకి అక్కడ 30 రోజులు వీసా అక్కర్లేదన్నారు. పెనాంగ్‌లో ఉండగా నాకు జ్వరం వచ్చింది, నాలుగు రోజులైనా తగ్గలేదు. ఆస్పత్రికి వెళ్లాం. నర్సు బయటికొచ్చి మావారి పేరు పిలిచింది. ఆయన లేచారు. నేను కూర్చునే ఉన్నాను, పిలిచింది ఆయన్ని కదా అని. ఆయన్ని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి చొక్కా చెయ్యి పైకి మడిచారు. ఆయన "నాకు కాదమ్మా, మా ఆవిడకి" అన్నారు. ఆ పిల్ల కాగితం చూసి, "పేరు మీదే కదా" అంది. నా రక్తం సీసా మీద కూడా ఆయన పేరే అంటించారు, నా పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. జ్వరం డెంగీ కాదని తేలింది, తగ్గింది. ఆ సీసా మీది చీటీ మాత్రం నా కళ్లముందు నుంచి పోలేదు.

మావారు మంచివారు. అదుగో, ముందు వరసలోనే ఉన్నారు. ఆ రోజు ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని ఆయనే అన్నారు: "నా పేరు నీకెందుకు? ఊరెళ్లగానే మీ ఇంటిపేరు పెట్టించుకో." సరేనన్నాను. కానీ మా ఇంటిపేరుకి కాగితం ఏదీ? నాన్న టీసీలో ఒక అక్షరం. తాతయ్య రేషన్ కార్డు లేదు. మా పెద్దమ్మకి మాత్రం ఇంటిపేరు నోటికి వచ్చు, అదీ రెండు రకాలుగా చెప్తుంది.

తిరిగొచ్చాక తాళం వేసిన గది తెరిచి సామాను దించుతుంటే ఇదిగో, ఈ చెంబు బయటపడింది. వెనకవాళ్లకి కనిపిస్తోందా? ఇత్తడి చెంబు, మా నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. నా చిన్నప్పటి నుంచి నీళ్లు తాగుతూనే ఉన్నాను, ఎప్పుడూ తిప్పి చదవలేదు. చింతపండు పెట్టి తోమితే మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు తేలాయి. తెలుగు అక్షరాలు. ముందు ఇంటిపేరు, పూర్తిగా, ఐదు అక్షరాలు. తర్వాత నాయనమ్మ పేరు. చివర ఒక చిన్న పువ్వు. ఆ రోజుల్లో పాత్రల మీద పేర్లు కొట్టేవాడు వీధిలోకి వస్తే, ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కో అక్షరం చెప్పి కొట్టించుకుని ఉంటుంది. ఆవిడకి చదువు రాదు. తన పేరు మాత్రం మొత్తం చెప్పుకుంది.

పాస్‌పోర్టు ఆఫీసులో చెంబు చెల్లదు, నాకు తెలుసు. గెజిట్‌లో పేరు మార్చుకునే దారి పట్టాను. కాగితాలు నడుస్తున్నాయి.

అమ్మా, మీ సంచుల్లో ఆధార్ కార్డులు ఉంటాయి కదా. ఇప్పుడే తీయండి. మగవాళ్లూ తీయండి. పేరు చూడండి. పాన్ కార్డులో అలాగే ఉందా? పాస్‌పోర్టులో? బ్యాంకులో? ఒక్కో చోట ఒక్కోలా ఉందా? ఆ వెనక వరస పాప నవ్వుతోంది, నీ పేరు ఎలా ఉంది తల్లీ? ఆ, చూశారా, ఒక అక్షరం, ఒక చుక్క. అమెరికా వీసా మీద ఒకటే పేరున్నవాళ్లకి ముందు ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు అని. ఆ పిల్ల రేపు అమెరికా వెళ్తే అక్కడ క్లాసులో ఎఫ్‌ఎన్‌యూ అని పిలుస్తారు. మీ పిల్లల్ని బళ్లో వేసేటప్పుడు టీచరు ఇనిషియల్ అడుగుతుంది. ఇంటిపేరు పూర్తిగా రాయమనండి. ఆవిడ పొడుగైంది అంటుంది. పొడుగైనా రాయమనండి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఇప్పుడు ఫొటోలు మావారు చూపిస్తారు. తర్వాత టిఫిను ఉంది, పెసరట్టు అని విన్నాను. నేను ఆ తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. కాగితం, పెన్ను నా దగ్గర ఉన్నాయి. ఎవరి ఇంటిపేరు ఏమిటో వచ్చి చెప్పండి, మొత్తం రాసుకుంటాను. తెలియనివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకి ఇక్కడి నుంచే ఫోన్ చేసి అడగండి. తొమ్మిదింటి దాకా ఉంటాను.