ఎండాకాలం లైపోకి కావాల్సింది ఐస్ కాదు, నీడ

మే నెలలో రిమోట్‌తో నడిపే చిన్న విమానాలు ఎగరేసే ఫ్లయింగ్ గ్రౌండ్‌కి వెళ్తే ఈ దృశ్యం తప్పదు. ఐస్ బాక్స్ మూత తీస్తారు, కూల్‌డ్రింకుల మధ్య నుంచి లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాక్ తీసి, తడి తుడిచి, విమానంలో బిగించి ఫుల్ థ్రాటిల్ ఇచ్చేస్తారు. అడిగితే "చల్లగా ఉంటే మంచిదే కదన్నా" అంటారు. మంచిది కాదు తమ్ముడూ.

ఎండన పడి పనిచేసి వచ్చిన మనిషికి ఏం చేస్తాం? ఐస్ నీళ్లు కుమ్మరించం. వచ్చీరాగానే కంచం ముందు కూర్చోబెట్టం. కాసేపు నీడన, గాలి తగిలేచోట కూర్చోమంటాం. లైపోకీ అంతే.

అసలు వేడి లోపలే పుడుతుంది. త్రీ ఎస్ 2200 ప్యాక్ ఒకటి తీసుకోండి, అంటే వరసగా కలిపిన మూడు సెల్స్, 2200 మిల్లీఆంపియర్ అవర్ల కెపాసిటీ. దాని మొత్తం ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి లోపలే తగిలే అడ్డు, 15 మిల్లీఓమ్‌లు అనుకుందాం. 15 ఆంపియర్లు లాగితే లోపల 3.4 వాట్ల వేడి. 30 లాగితే 13.5 వాట్లు. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. మరి ప్యాక్‌ని ఐస్‌లో పెడితే? ఆ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది! చలికి లోపల అయాన్ల కదలిక మందగిస్తుంది. థ్రాటిల్ ఇవ్వగానే వోల్టేజీ జారిపోతుంది, టేకాఫ్‌లోనే ఈఎస్సీ, అంటే మోటార్ స్పీడ్ కంట్రోలర్, పవర్ తగ్గించేయొచ్చు. పైగా మన కోస్తాలో గాలి నిండా తేమ. చల్లటి కనెక్టర్ల మీద నీళ్లు పేరుకుంటాయి.

కడుపు నిండా తిని ఎండలో పడుకున్న మనిషి ఇంకొకడున్నాడు. సెల్‌కి 4.2 వోల్టులు నింపి, ఎండలో ఆపిన కారులో వదిలేసిన లైపో వాడే. బయట 40 డిగ్రీలుంటే మూసిన కారులో 55, 60 మామూలు. లైపోకి 60 అంటే హద్దు. ఇంకా ఎగరనే లేదు, అప్పుడే హద్దు దగ్గరికి వచ్చేసింది. లోపల ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాసవుతుంది, ప్యాక్ ఉబ్బుతుంది. నన్నడిగితే ఎండాకాలంలో లైపోల్ని పాడుచేసేది ఫ్లయింగ్ కంటే కారే.

థర్మాకోల్ డబ్బా తెచ్చుకోండి, ప్యాక్‌లు అందులో ఉంచి చెట్టు కింద పెట్టండి. ఐస్ బాటిల్ పెట్టి తీరాలంటే టవల్లో చుట్టి ఓ మూలన పెట్టండి, ప్యాక్‌కి తగలకూడదు. ల్యాండయ్యాక ప్యాక్‌ని వేళ్లతో పట్టుకోలేకపోతే 60 దగ్గర్లో ఉన్నట్టే. అలా వస్తోందంటే ప్రొపెల్లర్ చిన్నది వేయాలి, లేదా ప్యాక్ పెద్దది కావాలి. వెంటనే ఛార్జింగ్ మాత్రం వద్దు, అదే ఆ కంచం సంగతి. ఛార్జింగ్‌కి మామూలుగా చెప్పే హద్దు 45 డిగ్రీలు. రామగుండంలో మే మధ్యాహ్నం గాలే అక్కడిదాకా పోతుంది. అందుకే పొద్దున్నే ఇంట్లో ఛార్జ్ చేసుకురండి.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తా. ప్యాక్‌కి గాలి తగలాలని విమానం ముక్కు దగ్గర రంధ్రం అందరూ పెడతారు, వెనక బయటికి పోయే దారి మరిచిపోతారు. అది ముందుదానికి రెండింతలుండాలి. ప్యాక్‌ని స్పాంజిలో చుట్టేయకండి, వెల్క్రో పట్టీ చాలు. ఎగరేయని ప్యాక్‌ని ఆ సాయంత్రమే సెల్‌కి 3.8 వోల్టులకి దించండి. ఉబ్బినదాన్ని పిన్నుతో పొడవొద్దు, మళ్లీ వాడొద్దు. ప్రొపెల్లర్ సైజు లెక్క వచ్చే వీడియోలో చూద్దాం.