కుండలాంటి ఒళ్లు: నెమ్మరులు, వాళ్ల గ్రహం 'పోటు'

[తెర మీద: మొసలి, తాబేలు, గేదె, కప్ప. నాలుగూ ఒకే చెరువు గట్టున.]

వీటిలో ఉభయచరం ఏదని అడిగితే చాలామంది వేలు ముందు మొసలి మీదికే పోతుంది. నీళ్లలో ఉంటుంది, గట్టెక్కి ఎండ కాగుతుంది, అందుకని ఉభయచరమట. ఆ లెక్కన గేదె కూడా ఉభయచరమే, మధ్యాహ్నమంతా దాని కాపురం చెరువులోనే కదా! మొసలి సరీసృపం. పెంకున్న గుడ్డును పొడినేల మీద పెడుతుంది, దాని పొలుసుల తోలు దాటి నీళ్లు అంత తేలిగ్గా అటూ ఇటూ కదలవు.

ఈ పొరపాటు క్విజ్ పోటీల్లో ఆగిపోతే ఫర్వాలేదు. కామిక్స్‌లో, వీడియో గేముల్లో ఉభయచర గ్రహాంతరవాసి అనగానే ఏం గీస్తున్నారో చూడండి. మనిషికి ఆకుపచ్చ రంగు పూస్తారు, వేళ్ల మధ్య తోలు అతికిస్తారు, మెడ పక్కన నాలుగు గాట్లు పెడతారు. ఇక వాడు సముద్రంలో దూకినా హాయే, ఎడారిలో నడిచినా హాయే. వాణ్ని ఈతొచ్చిన మనిషి అనాలి. అసలు ఉభయచరానికి రెండిళ్లుంటాయి గానీ రెండూ అద్దెకొంపలే. ఏ ఇంటికి ఎంత అద్దో లెక్క చూసుకుంటూ ఇవాళ ఒక జాతిని మొదటినుంచీ కట్టుకొద్దాం. గ్రహం పేరు పోటు. జనం పేరు నెమ్మరులు, నెమ్ములోంచి వచ్చిన పేరు. నెమరుతో సంబంధం లేదు, వీళ్లు పెద్దయ్యాక ఆకూ అలమూ ముట్టరు. చిన్నప్పుడు తింటారు, ఆ సంగతి తర్వాత.

[తెర మీద: మట్టికుండ, పక్కన స్టీలు బిందె]

రెండింట్లో నీళ్లు పోసి ఎండాకాలం వరండాలో పెట్టండి. బిందె బయట పొడిగా ఉంటుంది, నీళ్లు వేడెక్కుతాయి. కుండకి చెమట పడుతుంది, నీళ్లు చల్లబడతాయి. కుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాల్లోంచి నీరు ఊరి, వేడిని తీసుకుని ఆవిరైపోతుంది. సాయంత్రానికి కుండలో నీటిమట్టం తగ్గి ఉంటుంది, అదే దాని ఖర్చు.

మొసలి బిందె. కప్ప కుండ. ఇవాళ్టి వీడియోలో మిగతాదంతా ఈ ఒక్క ముక్కలోంచే వస్తుంది.

కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట అడుగున, తొడల దగ్గర పలచటి చర్మం ఉంటుంది, దాన్ని తడినేలకు ఆనించి కూర్చుంటే నీళ్లు లోపలికి ఇంకుతాయి. ఊపిరిలో కొంత భాగం, ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం, చర్మం గుండానే జరుగుతుంది. బల్లిలా తోకుండే ఉభయచరాలు సాలమాండర్లు. వాటిలో ప్లెథోడాంటిడే అనే కుటుంబానికైతే ఊపిరితిత్తులే లేవు. 400కు పైగా జాతులు చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ కానిచ్చేస్తున్నాయి.

బాగుంది, నెమ్మరికీ అదే పెట్టేద్దాం అంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. 30 గ్రాముల కప్పని అదే ఆకారంలో 60 కిలోలకు పెంచండి. బరువు 2000 రెట్లయింది, చర్మం 160 రెట్లే అయింది. కిలోకి దొరికే చర్మం పన్నెండో వంతుకు పడిపోయింది. పెద్ద కుండకి నోరు చిన్నదైనట్టు, లోపల గిరాకీ ఎక్కువ, దారి తక్కువ.

భూమ్మీద ఈ చిక్కును దాటినవి ఉన్నాయి. చైనా జెయింట్ సాలమాండర్ 1.8 మీటర్ల దాకా పెరుగుతుంది. ఒంటి పక్కల ముడతలు ముడతలుగా చర్మం, ఉండేది చల్లటి పారే నీళ్లలో, కదలిక బహు బద్ధకం. దక్షిణ అమెరికాలోని టిటికాకా సరస్సు కప్పకి రెండు సైజులు పెద్ద చొక్కా తొడిగినట్టు చర్మం వేలాడుతుంది. ఆక్సిజన్ చాలకపోతే దండీలు తీసినట్టు పైకీ కిందికీ ఊగి ఆ ముడతల మీదికి కొత్త నీళ్లు తెచ్చుకుంటుంది. నాకు తెగ నచ్చే జంతువు.

కానీ నెమ్మరికి మెదడు కావాలి. మనిషి ఊరికే కూర్చున్నా, వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం మెదడుకే పోతుంది. లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో ఆరేడు మిల్లీలీటర్లకు మించదు. అంటే ముప్ఫయ్యో వంతు. ఆ కాస్తతో అంత మెదడు నడవదు. మెడ మీద నాలుగు గాట్లు పెట్టేవాళ్లు ఈ అంకె కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

మరేం చేద్దాం? కొర్రమీనుని చూడండి. చేపల మార్కెట్లో తొట్టి అడుగున బెత్తెడు నీళ్లలో గంటల తరబడి బతికే ఉంటుంది, మధ్యమధ్య మూతి పైకి పెట్టి గాలి మింగుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. దాన్ని పైకి రానివ్వకుండా వల కింద నొక్కిపెడితే నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. చేప అయ్యుండీ!

నెమ్మరి కూడా అంతే. ఆక్సిజన్ ఊపిరితిత్తులతో, కార్బన్ డయాక్సైడ్ చర్మంతో. కప్పకి మనలా డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, లేదు, గొంతు డబడబా కొట్టుకుంటూ గాలిని లోపలికి తోస్తుంది. నెమ్మరికీ అదే గొంతు పంపు. నీళ్లలో మునిగినప్పుడు చర్మం తెచ్చే కాస్త ఆక్సిజన్‌తో మెదడు సన్న దీపంలా నడుస్తుంది. అలవాటైన పనులు, పాటలు, ఈత, నిద్ర నీళ్లలో. లెక్కలు, తగాదాలు, పెళ్లి మాటలు గట్టు మీద. నీళ్లలో ఒప్పుకున్న మాట వాళ్ల పంచాయతీలో చెల్లకూడదు. ఇలా శరీరంలోంచే ఆచారం పుట్టాలి, పైనుంచి అతికిస్తే ఊడిపోతుంది.

సరే, గట్టెక్కాడు. కుండని ఎండలో పెట్టాం. ఒంటి మీద చర్మం 1.8 చదరపు మీటర్లు అనుకోండి. చెరువు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరయ్యే వాతావరణంలో అదే చొప్పున పోతే రోజుకు 9 లీటర్లు. చాలా కప్పలు ఒంటి బరువులో పావు వంతు నీరు పోయినా తట్టుకుంటాయి, మనం అంతలో సగం కూడా తట్టుకోలేం. నెమ్మరికీ పావు వంతే ఇద్దాం, అంటే 15 లీటర్లు. రెండు రోజులు నిండకుండానే ఖాళీ. గాలి వీస్తే ఇంకా ముందే.

కుండ ఎండిపోకుండా మనవాళ్లేం చేస్తారు? తడి గోనెపట్టా చుడతారు. నెమ్మరుల బట్ట కూడా అదే, సిగ్గు కోసం కాదు, తడి కోసం. పీచుతో నేసిన మందపాటి పట్టా, పూటకోసారి ముంచుకోవాలి. పొట్ట కింద మాత్రం ఖాళీ వదలాలి, తాగేది అక్కడినుంచే. ఒళ్లంతా కప్పేసే అంగీ తొడిగారో, దాహంతో చంపినట్టే. వాళ్ల పీట మీద తడి ఇసుక పరిచి ఉంటుంది. మనం చుట్టం వస్తే పీట వేసి మంచినీళ్లిస్తాం, వాళ్లకి ఆ రెండూ ఒకటే పని. పొడి పీట వేశారంటే పొమ్మనలేక పొగబెట్టినట్టు.

ఇంకో మెలిక. అనంతపురంలో నీళ్లు చల్లబరిచినంత బాగా అదే కుండ విశాఖలో చల్లబరచదు, అక్కడి గాలిలోనే తేమ ఎక్కువ. కాబట్టి తేమగా ఉన్న రోజు నెమ్మరికి దాహం ఉండదు గానీ వేడి దిగదు. పొడి రోజు చల్లగా ఉంటుంది, నీళ్లు పోతాయి. రెండూ కలిసొచ్చేది పొగమంచు పట్టిన చల్లటి రాత్రి. వాళ్ల సంతలు, తిరునాళ్లు అప్పుడే పెట్టండి.

ఉప్పు నీళ్లు పోసి వాడిన కుండకి బయట తెల్లగా పొర కడుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి, ఇక అది పనికిరాదు. ఉభయచరాల చర్మానికి ఇంతకన్నా ఘోరం నిజంగానే జరిగింది. కైట్రిడ్ అనే బూజు చర్మాన్ని మందంగా చేసి, సోడియం, పొటాషియం రాకపోకలను చెడగొట్టి, చివరికి గుండె ఆపేస్తుంది. దానికి శాస్త్రవేత్తలు పేరు పెట్టింది 1999లో. నెమ్మరులకు మహమ్మారి రాయాలనుకుంటే దగ్గూ జ్వరమూ రాయకండి. చర్మం దళసరెక్కుతోందని మొదలుపెట్టండి.

[తెర మీద: గ్రహం, దగ్గరగా పెద్ద చందమామ]

ఇప్పుడు ఊరు. కుండకి తడి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, పొడినేల కూడా కావాలి. అందుకే గ్రహానికి పోటు అని పేరు, ఆటుపోట్లలోని పోటు. భూమిలాంటి గ్రహమే, 24 గంటల రోజే, చంద్రుణ్ని మాత్రం సగం దూరానికి తెచ్చాను, 1,92,000 కిలోమీటర్లు. పోటును లేపే బలం దూరం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి 8 రెట్లయింది. మన నడిసముద్రంలో చంద్రుడి వల్ల నీరు అర మీటరు లేస్తే అక్కడ 4 మీటర్లు. చందమామ రెండింతల వెడల్పు కనిపిస్తుంది, పదేసి రోజులకో పున్నమి. పోటుకీ పోటుకీ మధ్య 13 గంటల 20 నిమిషాలు పైచిలుకు. తీరం 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలితే, ఆటు సమయంలో 2 కిలోమీటర్ల బురదనేల బయటపడుతుంది. నీరు గంటకు సుమారు 300 మీటర్లు వెనక్కి పోతుంది, నెమ్మరి పాకుతూ కూడా దానితో సమానంగా పోగలడు. అలాంటి నేల మీద బతుకు ఎలా ఉంటుందో చూడాలంటే కాకినాడ పక్క కోరంగి మడ అడవుల్లో మడ్‌స్కిప్పర్లను చూడండి. మొప్పల గదుల్లో నీళ్లు దాచుకుని బురద మీద గెంతే చేపలవి.

ఎర్ర మరుగుజ్జు నక్షత్రానికి బాగా దగ్గరగా ఈ గ్రహాన్ని పెట్టకండి. ఒకే ముఖం నక్షత్రం వైపు తిరిగి బిగుసుకుపోతుంది, పగలూ రాత్రీ పోతాయి, చంద్రుడు నిలవడమూ కష్టమే.

సముద్రం ఉప్పు మరి? లీటరుకు 35 గ్రాములు. కప్ప కణజాలానికి ల్యాబులో వాడే ఉప్పునీరు లీటరుకు 6.5 గ్రాములే. కుండ చర్మంతో సముద్రంలో దిగితే ఒంట్లో నీరంతా బయటికి లాగేస్తుంది. ఆగ్నేయాసియా మడ అడవుల్లో పీతలు తినే కప్ప ఒకటుంది, అది రక్తంలో యూరియా పోగుచేసి లాగుడును ఆపుతుంది. నెమ్మరికీ అదే ఇచ్చాను. అయితే యూరియా పోగుపడ్డానికి టైమ్ కావాలి, మంచినీటి ఏరులోంచి నేరుగా సముద్రంలో దూకితే ప్రాణం మీదికొస్తుంది. నదీముఖంలో ఒకట్రెండు రోజులు విడిది చేయాల్సిందే. అక్కడ సత్రాలు వెలుస్తాయి.

[తెర మీద: తోకకప్ప పొట్టలో చుట్టచుట్టుకున్న పేగు]

పిల్లల సంగతి. తోకకప్ప పొట్ట వైపు తిప్పి చూస్తే చర్మం కిందే జంతికలా చుట్టుకున్న పొడుగాటి పేగు కనిపిస్తుంది. నాచు తినే పేగు. కప్ప అయ్యేటప్పుడు అదంతా కుంచించుకుపోయి మాంసం తినే పొట్టి పేగవుతుంది. నోరు, దవడ, చివరికి ఒంట్లోంచి పోయే వ్యర్థం కూడా మారుతుంది, అమ్మోనియా నుంచి యూరియాకి. ఈ మార్పు నడిచే రోజుల్లో తిండి ఉండదు, కరిగిపోయే తోకే కూడు. కాళ్లు మొలిచి తోక ఇంకా ఉన్నప్పుడు ఈతా సరిగా రాదు, గెంతూ సరిగా రాదు, పాములకు తేలిగ్గా దొరికేది అప్పుడే. నెమ్మరుల్లో ఆ వయసు పిల్లలకు కాపలా పెట్టడమే ఊరి మొదటి కట్టుబాటు.

దీన్నంతా నడిపేది థైరాయిడ్ హార్మోన్. 1912లో గుడర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ తినిపిస్తే అవి వేళకు ముందే బుల్లి కప్పలైపోయాయి. ఆ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి, మన ఉప్పు ప్యాకెట్ మీద రాసుండే అయోడినే. సముద్రపు నాచులో బోలెడు, కొండల్లో కరువు. అందుకని పోటులో కొండ సరస్సుల నెమ్మరులు ఎప్పటికీ తోకలతోనే ఉండిపోతారు, అలాగే పిల్లల్ని కంటారు. మెక్సికోలో ఆక్సొలాటల్ అనే సాలమాండర్ ఉంది, కారణం వేరైనా దాని తీరు ఇదే, మొప్పలతోనే ముసలిదవుతుంది, థైరాయిడ్ హార్మోన్ ఇస్తే గట్టెక్కుతుంది. ఇక తీరం వాళ్లు ఎండు నాచు మూట కట్టుకుని కొండెక్కారనుకోండి. అది వైద్యమా, దండయాత్రా? కథ మీదే.

టైమ్ అయిపోతోంది, మిగతా జంతువులు గబగబా. అన్నీ ఒకే పూర్వీకుడి సంతతి. నెమ్మరికి నాలుగు కాళ్లుంటే పక్కనే ఆరు కాళ్ల ఎముకల జంతువుని పెట్టకండి.

గుంటకాపు: నీరు వెనక్కి పోతే మిగిలే గుంటల్లో నోరు మూసుకుని పడుంటుంది. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీలుస్తుంది. గాలి మరీ పలచన, పీలిస్తే ఎర కదలదు. అందుకే చీలమండ లోతు లేని గుంట భద్రం.

మంచురెక్క: తడి తోలు రెక్కలు, పొగమంచులో తప్ప ఎగరదు, పొడిగాలిలో ఆరిపోతుంది.

బిందెడొక్క: ఎక్కడో ఒకచోట బిందె చర్మమూ పెంకు గుడ్డూ పుట్టకుండా ఉండవు, భూమ్మీద 30 కోట్ల ఏళ్ల కిందటే పుట్టాయి. మెట్టభూములన్నీ వీటివే. నెమ్మరులు వీటిని పోటు గీత దాటి తరమలేరు.

కళ్లు: మధ్య అమెరికా నాలుగు కళ్ల చేపలా ప్రతి కన్నూ అడ్డంగా రెండు సగాలు, పైది గాలికి, కిందిది నీటికి. చెవి: నీళ్లలో శబ్దం నాలుగు రెట్లు వేగం, ఏ వైపునుంచి వచ్చిందో తెలియదు, అందుకే నీళ్లలో పేరు పెట్టి పిలవరు, తట్టి పిలుస్తారు.

చివరిది నిప్పు. మంట పక్కన నిలబడితే కుండ ఒళ్లు ఆరిపోతుంది, నీళ్లలో మంట వెలగదు. కుండ కాల్చాలంటే నీరు తీయడం మొదలవగానే మిట్ట మీద ఆవం పేర్చి, తడిపట్టా కప్పుకుని, చివర నిప్పున్న పొడుగాటి కర్రతో అంటించి నీళ్లలోకి పారిపోవాలి. తిరిగి పోటు ఆ గట్టును అందుకోవడానికి 13 గంటలు. కాలడానికీ ఆరడానికీ కలిపి అంతే గడువు. బూడిద ఇంకా వేడిగా ఉండగా నీళ్లు తగిలితే లోపలి కుండలన్నీ పటపటా పగులుతాయి. పున్నమి పోటు రోజున మాత్రం వెలిగించకండి, నీరు మామూలుకన్నా పైకెక్కుతుంది.