ఇండోనేషియాలో మాట కలిపితే

అందరికీ నమస్కారం.

బాలి వెళ్లొచ్చినవాళ్లు ఇప్పుడు మన ఊళ్లలో వీధికొకరైనా ఉంటున్నారు. అక్కడి మనుషులు ఎలా ఉంటారని అడిగితే "చాలా మంచివాళ్లండీ, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు" అంటారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది, ఊయల ఫొటోలు బయటికొస్తాయి. ఆ నవ్వేవాళ్లు దేనికి నవ్వుతారు, తమలో తాము ఏమనుకుంటారు, మనల్ని ఎలా ఆటపట్టిస్తారు అన్నదే ఈ రోజు నేను చెప్పాలనుకున్నది. ఇండోనేషియాలో గుడులు, అగ్నిపర్వతాలు ఎంత చూడదగ్గవో అక్కడి మామూలు జనం హాస్యం కూడా అంత రుచి చూడదగ్గదని నా గట్టి నమ్మకం.

ముందు బస్సు హారన్ సంగతి చెబుతాను. 2016 డిసెంబర్‌లో, పేరుమోసిన డీజేల ట్విట్టర్ ఖాతాల కింద ఎక్కడ చూసినా ఒకటే మాట, "ఓం తెలోలెత్ ఓం". మన చెవికి మంత్రంలా ఉంది గానీ, మధ్య జావాలో జెపారా లాంటి చోట్ల పిల్లలు రోడ్డు పక్కన అట్టముక్క పట్టుకుని నిలబడి, దూరప్రయాణం బస్సు డ్రైవర్ని "బాబాయ్, ఆ పాట హారన్ ఒక్కసారి కొట్టవా" అని బతిమాలే కేక అది. డ్రైవర్ కొడతాడు, పిల్లలు గంతులేస్తారు, ఫోన్లో వీడియో తీసుకుంటారు, అంతే. దాన్ని ఇండోనేషియా జనం పట్టుకుని ఎంతగా తిప్పారంటే జెడ్, మార్ష్‌మెల్లో లాంటివాళ్లు కూడా అదే మాట ట్వీట్ చేశారు. ఎవర్నీ కించపరచకుండా, ఎవరికీ ఏదీ అమ్మకుండా, ఒక బస్సు హారన్ కోసం ఇంత సందడి చేసిన జనం మీద నాకు అప్పుడే ఇష్టం కలిగింది.

అదే ఏడాది జనవరి 14న జకార్తా నడిబొడ్డున, థామ్రిన్ రోడ్డులో బాంబులు పేలాయి, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. కాసేపటికే జనం ఫోన్లలో తిరిగిన ఫొటో ఎవరిదనుకున్నారు? అంత గొడవకు దగ్గర్లోనే తన పాటికి తాను సాతే, అంటే పుల్లకు గుచ్చిన మాంసం ముక్కలు, కాల్చి అమ్ముకుంటున్న బండి ఆయనది. "మేం భయపడం" అన్న హ్యాష్‌ట్యాగ్ ఒకవైపు, ఉగ్రవాదులకు ఎదురువెళ్లిన పోలీసుల్లో అందగాడెవరన్న చర్చ ఇంకోవైపు. దాన్ని వెకిలితనం అన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. భయపెట్టడానికి వచ్చినవాడికి భయం అందకుండా చేయడం చిన్న సంగతి కాదు, ఆ పని ఆ రోజు జనమే చేశారు.

ఇక ప్రయాణంలో ఎదురయ్యే మనుషులు. గోజెక్ అనే యాప్‌లో బైక్ బుక్ చేస్తే డ్రైవర్ వచ్చేలోపే చాట్ మొదలవుతుంది. జావా దీవిలోని యోగ్యకర్తలో, అంటే అక్కడివాళ్ల జోగ్జాలో, రైల్వేస్టేషన్ బయట ఎటు చూసినా ఆకుపచ్చ జాకెట్లే కనిపిస్తుంటే "మిమ్మల్ని గుర్తుపట్టడం ఎలా?" అని రాశాను. "ఆకుపచ్చ జాకెట్ వేసుకున్నవాళ్లలో అందరికన్నా అందంగా ఉన్నది నేనే" అని జవాబొచ్చింది, దాని వెనకాలే డబ్ల్యూ, కే అక్షరాలు వరసగా పది. వాళ్ల చాట్‌లో నవ్వంటే అదే, "వ్కవ్కవ్క". వచ్చినాయన యాభై దాటిన మనిషి, ముందుపళ్లు రెండు లేవు. చుట్టూ ఉన్న డ్రైవర్లందరికీ ఆ మెసేజ్ తనే చదివి వినిపించాడు. వాళ్లు "ఇండియానా? అచ్చా అచ్చా!" అని తలలూపి, షారుఖ్ ఖాన్ ఎలా ఉన్నాడని నన్ను అడిగారు.

ఈ షారుఖ్ పిచ్చి చాలా పాతది. 2011లో సులవేసి దీవిలోని గొరొంతాలోలో నోర్మన్ కమారు అనే పోలీసు యూనిఫాంలో కూర్చుని షారుఖ్ పాటకు పెదవులు కదుపుతూ తీసిన వీడియో దేశమంతా పాకింది, మనిషి రాత్రికి రాత్రే స్టార్ అయిపోయాడు. కాబట్టి అక్కడెవరైనా మిమ్మల్ని చూసి తల ఊపితే వెక్కిరింత అనుకోకండి, పలకరింపు అది. మీరూ ఊపండి, మాట కలుస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం జోగ్జాలో ఒక అంగ్క్రింగాన్, అంటే రాత్రిపూట పెట్టే తోపుడుబండి హోటల్. టార్పాలిన్ కప్పు, ఒక బల్ల, ఆకులో కట్టిన పిడికెడు అన్నం పొట్లాలు. అక్కడ కాఫీలో నిప్పుకణిక వేసి ఇస్తారు, నిజంగానే, ఎర్రగా కాలిన బొగ్గు ముక్కని పట్టకారుతో తీసి గ్లాసులో వేస్తే సుయ్‌మని పొంగుతుంది. బండి ఆయన నా గ్లాసులో కణిక వేస్తూ "మీ ద్రౌపదికి ఐదుగురు మొగుళ్లట, నిజమేనా?" అన్నాడు. నిజమేనన్నాను. "మా దగ్గర ధర్మరాజొక్కడే. ఆ అమ్మాయికి ఒక్కడితో వేగడమే కష్టం, ఐదుగురేమిటి పాపం" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ వాదనలో దిగారు.

జావా మహాభారతంలో ద్రౌపది యుధిష్ఠిరుడి భార్య మాత్రమే. శిఖండి అక్కడ శ్రీకండి, విల్లుపట్టిన వీరవనిత, అర్జునుడి భార్య. 2014లో మన హిందీ మహాభారతం సీరియల్ వాళ్ల ఏఎన్‌టీవీ ఛానల్‌లో విరగబడి ఆడినప్పుడు ఈ తేడాలన్నీ ఇళ్లలోకి వచ్చిపడ్డాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఊళ్లో, అర్ధరాత్రి, కాఫీ బండి దగ్గర నలుగురు ద్రౌపది తరఫున వాదిస్తున్నారంటే ఆ కథ వాళ్లకెంత సొంతమో చూడండి.

వాళ్ల హాస్యానికి వేరు కూడా అక్కడే ఉంది. జావా తోలుబొమ్మలాట, వాయాంగ్, రాత్రి మొదలై తెల్లారేదాకా సాగుతుంది. నడిరాత్రి దాటాక గొరొ-గొరొ అనే ఘట్టం వస్తుంది. అప్పుడు సెమార్, ఆయన కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ తెర మీదికొస్తారు. పాండవుల సేవకులు వీళ్లు, వ్యాసుడి భారతంలో లేరు. ధరలు, ఎన్నికలు, ఆట పెట్టించిన పెద్దమనిషి, ఎవర్నీ వదలరు. మన తోలుబొమ్మల్లో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు చేసే పని ఇదే కదా! అయితే మన దగ్గర ఆ ఆట ఆడించే కుటుంబాలు బతకడమే కష్టమైపోతుంటే, అక్కడ అది యూట్యూబ్‌కి ఎక్కింది. కి సెనో నుగ్రొహో అనే బొమ్మలాట కళాకారుడు బాగోంగ్ నోట పలికించిన చమత్కారాల కోసం జనం రాత్రంతా లైవ్ చూసేవాళ్లు. 2020 నవంబర్‌లో ఆయన పోయారు, ఆ వీడియోలకు ఇప్పటికీ జనం ఉన్నారు.

సెమార్ సేవకుడే గానీ నిజానికి దేవుడు, అందుకే రాజునైనా అనగలడు. ఈ లెక్క జనానికి బాగా ఎక్కింది. 2024 చివర్లో, అధ్యక్షుడి ప్రత్యేక దూత పదవిలో ఉన్న ఒక మతబోధకుడు మాగెలాంగ్ సభలో ఐస్ టీ అమ్ముకునే మనిషిని నోటికొచ్చిన మాట అని నవ్వాడు. వేదిక మీద ఉన్నవాళ్లూ నవ్వారు. వీడియో బయటికొచ్చాక దేశం మాత్రం నవ్వలేదు. ఆయన ఆ టీ మనిషి ఇంటికెళ్లి క్షమాపణ చెప్పాడు, తర్వాత కొద్ది రోజులకే పదవి వదులుకున్నాడు.

అయితే ఈ జనమే గుంపుగా మీదపడితే తట్టుకోవడం కష్టం. ఆన్‌లైన్ మర్యాదలో ఆగ్నేయాసియాలో ఇండోనేషియాదే అట్టడుగు స్థానమని 2021లో మైక్రోసాఫ్ట్ నివేదిక చెబితే, జనం ఆ కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీదికి వెళ్లి ఎంత తిట్టారంటే, కంపెనీ కామెంట్లు మూసేసుకుంది. చాలామంది దీన్ని జోక్‌గా చెప్పుకుంటారు. నాకైతే బాధగానే ఉంటుంది, ఎందుకంటే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆ మనుషులు అలాంటివాళ్లు కారు.

మీరు వెళ్తే బాలితో ఆగకండి, జావా కూడా వెళ్లండి. ఓ ముప్పై నలభై మాటలు నేర్చుకోండి, వాళ్ల భాష రోమన్ లిపిలోనే ఉంటుంది, భయం లేదు. ఎక్కడికి వెళ్తున్నావు, తిన్నావా, పెళ్లయిందా అని అడుగుతారు, మన పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. పెళ్లి కాలేదని ఖరాఖండిగా చెప్పకండి, "ఇంకా కాలేదు" అనండి, లేకపోతే ఆ బల్ల మీదే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. జావాలోని బొరొబుదూర్ బౌద్ధ స్తూపం దగ్గర బడిపిల్లలు నోట్‌బుక్ పట్టుకుని ఇంగ్లిష్‌లో ప్రశ్నలడగడానికి వస్తే పది నిమిషాలు ఇవ్వండి. ఎవరి వీడియో అయినా పెట్టేముందు అడగండి, చాలామంది సంతోషంగా సరేనంటారు, వెంటనే జుట్టు సరిచేసుకుంటారు. ఆ ఫొటో వాళ్ల వాట్సాప్‌కి కూడా పంపండి.

సరే, నేను చెప్పేది ఇంతే. ఇక మీరు అడగండి.