తెలుగు బ్లాగు బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి మారేటప్పుడు లింకులు ఎందుకు తెగుతాయి, తెగకుండా ఏం చేయాలి

[తెర మీద: గుంటూరు బ్రాడీపేటలో వీధి బోర్డు. 4/14 అన్న అంకెలు దగ్గరగా.]

గుంటూరు వాళ్ళకి ఈ బోర్డు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. 4వ లైను, 14వ అడ్డరోడ్డు. ఉత్తి 14వ అడ్డరోడ్డు అని చెబితే ఆటో అతను "ఏ లైనండీ?" అని అడుగుతాడు. రెండు అంకెలూ కలిస్తేనే ఇల్లు దొరుకుతుంది. తెలుగు బ్లాగుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేటప్పుడు పెద్ద దెబ్బ తగిలేది సరిగ్గా ఈ విషయంలోనే. కాసేపట్లో మళ్ళీ ఈ బోర్డు దగ్గరికే వద్దాం.

నమస్కారమండి. సొంత సైటుకి ఏ ప్లాట్‌ఫారం తీసుకోవాలి, ఉన్నదాన్నుంచి ఎలా మారాలి అన్నది ఈ వీడియో. ఉదాహరణకి ఒక గుంటూరు వంటల బ్లాగు అనుకుందాం. పన్నెండేళ్ళకి పైగా బ్లాగర్‌లో ఉంది, 300 పోస్టులున్నాయి, అన్నిటి శీర్షికలూ తెలుగులోనే.

అసలు మారాలా అన్నది మొదటి ప్రశ్న. బ్లాగర్ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ కొనుక్కుంది, ఇప్పటికీ ఉచితమే. నెలకి రెండు మూడు పోస్టులు రాసుకునేవాళ్ళకి అది చాలు. హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ అద్దె) బిల్లు ఉండదు, అప్‌డేట్ చేయాల్సిన ప్లగిన్ (అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రాం) ఉండదు. పాతగా కనిపిస్తోందన్న ఒక్క కారణంతో మారకండి, థీమ్ మార్చుకుంటే సరిపోతుంది.

మారడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి. పచ్చళ్ళు, పొడులు, పిండివంటలు అని చక్కటి విభాగాలు కావాలి, లోపల వెతికే సౌకర్యం కావాలి, పాఠకులకి ఈమెయిల్ పంపాలి, పుస్తకమో పొడులో అమ్మాలి. ఇంకో కారణం, ప్లాట్‌ఫారం మన చేతుల్లో లేకపోవడం. పోస్టరస్ అనే బ్లాగు సేవని 2013లో మూసేశారు. టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబర్ 30న మూతపడింది. బ్లాగర్ మూతపడలేదు కానీ, 2019లో గూగుల్ ప్లస్‌ని ఆపేసినప్పుడు ఆ పద్ధతిలో పెట్టిన కామెంట్లన్నీ బ్లాగుల నుంచి మాయమయ్యాయి. పాఠకులు ఏళ్ళ తరబడి రాసిన మాటలు అవి.

[తెర మీద: లోగోలు, ఒక్కొక్కటిగా.]

వెళ్ళే చోట్లు త్వరగా చూసేద్దాం. మీడియం, సబ్‌స్టాక్ రాయడానికి హాయిగా ఉంటాయి. సబ్‌స్టాక్ ముఖ్యంగా ఈమెయిల్ లేఖలకి. కానీ పాత చిరునామాల నుంచి కొత్తవాటికి మనకి నచ్చినట్టు దారి మళ్ళించే వీలు అక్కడ లేదు, కాబట్టి 300 పోస్టుల బ్లాగుకి పనికిరావు. ఘోస్ట్ బాగుంటుంది, రాయడం, న్యూస్‌లెటర్, చందాలు అన్నీ ఒకేచోట. దాని సర్వర్‌ని మనమే నడపాలంటే మాత్రం కాస్త సాంకేతిక పట్టు ఉండాలి. సైటుని ముందే తయారైన పేజీలుగా చేసిపెట్టే హ్యూగో, జెకిల్ లాంటివి ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్ళకి చక్కని దారి. ఖర్చు దాదాపు శూన్యం. ఒక్కటే జాగ్రత్త, గిట్‌హబ్ పేజెస్‌లో సర్వర్ స్థాయి 301 దారి మళ్ళింపు (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్తదానికి పంపేది) పెట్టలేం. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో పెట్టొచ్చు.

మిగిలింది వర్డ్‌ప్రెస్. ఇందులో రెండున్నాయి, చాలామంది కలిపేసుకుంటారు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అంటే ఒక కంపెనీ నడిపే సేవ. ఉచిత ప్లాన్‌లో సొంత డొమైన్ (సైటుకి మనదైన పేరు) ఉండదు, వాళ్ళ ప్రకటనలు వస్తాయి. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి వచ్చేది ఉచిత సాఫ్ట్‌వేర్, మనం హోస్టింగ్ కొనుక్కుని అందులో పెట్టుకుంటాం. దారి మళ్ళింపులన్నీ మన చేతుల్లో ఉండాలి కాబట్టి మన వంటల బ్లాగుకి ఈ రెండోదే సరి. హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి బిల్లు కాదు, రెన్యూవల్ రేటు చూడండి. మూడేళ్ళకి కట్టించుకునే చవక ధర, తర్వాత రెండు మూడు రెట్లు కావడం మామూలే. పైన 18 శాతం జీఎస్టీ.

ఇక అసలు పని. మొట్టమొదట వర్డ్‌ప్రెస్ పెట్టకండి. మొదట డొమైన్ కొనండి. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా సరే, అది మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో రిజిస్టర్ కావాలి. బెంజ్ సర్కిల్ దగ్గరో అరండల్‌పేటలోనో వెబ్ డిజైనర్‌కి పని అప్పజెప్పినా, రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) ఖాతా లాగిన్ మీ దగ్గరే ఉండాలి. ఆయన ఖాతాలో ఉంటే, రేపు మారదామనుకున్నప్పుడు ట్రాన్స్‌ఫర్ కోడ్ కోసం ఆయన చుట్టూ తిరగాల్సి వస్తుంది.

కొన్న డొమైన్‌ని ముందు బ్లాగర్‌కే తగిలించండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. బ్లాగర్ ఉచితంగా ఇచ్చే బ్లాగ్‌స్పాట్ చిరునామా మీద మనకి నచ్చిన బయటి సైటుకి 301 పెట్టే సదుపాయం బ్లాగర్ ఇవ్వదు. కానీ కస్టమ్ డొమైన్ పెడితే, పాత బ్లాగ్‌స్పాట్ లింకులన్నిటినీ తనంతట తానే ఆ డొమైన్‌కి మళ్ళిస్తుంది. అంటే గూగుల్ వెతుకులాటలో మీ పోస్టులన్నీ మెల్లగా సొంత డొమైన్ పేరు మీదికి వస్తాయి.

[తెర మీద: డొమైన్ రిజిస్ట్రార్ డీఎన్‌ఎస్ పేజీ.]

బ్లాగర్ సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో సహా పేరు రాయండి. రెండు సీనేమ్ రికార్డులు (ఒక పేరుని ఇంకో పేరుకి చూపేవి) అడుగుతుంది, వాటిని రిజిస్ట్రార్ దగ్గర డీఎన్‌ఎస్ పేజీలో చేర్చాలి. ఒకటి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ నుంచి జీహెచ్‌ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కి. రెండోది మీ బ్లాగుకి మాత్రమే ఇచ్చే పొడవాటి కోడ్, తప్పులేకుండా కాపీ చేయండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా కొట్టినా తెరుచుకోవాలంటే నాలుగు ఏ (A) రికార్డులు, అంటే పేరుని సర్వర్ అంకెలకి చూపేవి, చేర్చండి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. తర్వాత హెచ్‌టీటీపీఎస్ ఆన్ చేసి, రెండు మూడు నెలలు బ్లాగుని ఇలాగే నడవనివ్వండి. తొందరపడితే ఒక చిక్కుంది. డొమైన్ గూగుల్ వైపు లేదని గమనిస్తే, బ్లాగర్ పాత లింకు నొక్కినవాళ్ళని నేరుగా పంపకుండా "వేరే చోటికి వెళ్తున్నారు, సరేనా?" అని అడిగే పేజీ చూపించవచ్చు. అప్పటికే పాఠకులూ గూగులూ కొత్త పేరుకి అలవాటు పడి ఉంటే దాంతో పెద్ద నష్టం ఉండదు.

ఈలోగా బ్యాకప్. బ్లాగర్ ఇచ్చే ఫైల్లో పోస్టులు, పేజీలు, కామెంట్లు ఉంటాయి. ఫోటోలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. ఇంపోర్ట్ అయ్యాక వర్డ్‌ప్రెస్‌లో ఫోటోలు కనిపిస్తున్నాయి కదా అని ఊరుకోవద్దు. ఒక ఫోటో మీద రైట్ క్లిక్ చేసి దాని చిరునామా చూడండి. అందులో బ్లాగర్ డాట్ గూగుల్‌యూజర్‌కంటెంట్ అనో బీపీ డాట్ బ్లాగ్‌స్పాట్ అనో ఉంటే, ఫోటో ఇంకా గూగుల్ దగ్గరే ఉన్నట్టు. బయటి ఫోటోలని తెచ్చిపెట్టే ప్లగిన్‌తో మీ హోస్టింగ్‌లోకి దింపుకోండి. అప్పుడు కూడా ఒకటి గమనించాలి. ఆ చిరునామా మధ్యలో ఎస్ 320 లాంటి ముక్క ఉంటుంది, అంటే 320 పిక్సెళ్ళ చిన్న బొమ్మ. దాన్నే దింపుకుంటే కొత్త సైటులో పచ్చడి ఫోటో మసకబారిపోతుంది. ఆ ముక్క స్థానంలో ఎస్ 0 పెడితే అసలు సైజు వస్తుంది.

[తెర మీద: మళ్ళీ బ్రాడీపేట బోర్డు.]

ఇప్పుడు బోర్డు దగ్గరికి వద్దాం. బ్లాగర్‌లో పూర్తిగా తెలుగులో శీర్షిక పెట్టి, పర్మాలింక్ (పోస్టు శాశ్వత చిరునామా) మనం రాయకుండా వదిలేస్తే ఏం జరుగుతుంది? తెలుగు అక్షరాలని అది చిరునామాలోకి తీసుకోదు. గోంగూర పచ్చడైనా, పండుమిరపకాయ కారమైనా, చిరునామాలో పడేది బ్లాగ్-పోస్ట్ డాట్ హెచ్‌టీఎంఎల్ అన్న ఒకే మాట. అదే నెలలో రెండోది రాస్తే చివర అండర్‌స్కోర్, ఒక అంకె చేరుస్తుంది. నెల మారితే మళ్ళీ మొదటి నుంచి, ఉత్తి బ్లాగ్-పోస్ట్. 2012 మార్చిలో ఒక బ్లాగ్-పోస్ట్, ఏప్రిల్‌లో ఇంకో బ్లాగ్-పోస్ట్. బ్లాగర్‌కి ఇబ్బంది లేదు, ఎందుకంటే దాని చిరునామాలో ఏడాది, నెల కూడా ఉంటాయి, అంటే అది లైను, అడ్డరోడ్డు రెండూ చూస్తుంది. వర్డ్‌ప్రెస్ మాత్రం అడ్డరోడ్డు ఒక్కటే చూస్తుంది. సైటు మొత్తంలో ఒక స్లగ్ (చిరునామాలో పోస్టు పేరున్న ముక్క) ఒక్క పోస్టుకే ఇస్తుంది. ఏప్రిల్ పోస్టుని బ్లాగ్-పోస్ట్-2 చేసేస్తుంది, మే నెలది బ్లాగ్-పోస్ట్-3 అవుతుంది. ఇంగ్లీషు బ్లాగుల కోసం రాసిన గైడ్లలో ఈ మాట ఉండదు, ఎందుకంటే వాళ్ళకి ఈ సమస్యే రాదు.

ఇంకా నష్టం ఏమిటంటే, చిరునామా దొరకనప్పుడు వర్డ్‌ప్రెస్ ఊహించి దగ్గరి పేరున్న పోస్టుకి పంపుతుంది. గోంగూర లింకు నొక్కినావిడ అదే నెలలో రాసిన అరిసెల పోస్టులో తేలవచ్చు. 404 (పేజీ దొరకలేదన్న సందేశం) వస్తే తప్పు మనకి తెలుస్తుంది. ఇలా జరిగితే ఎవరూ చెప్పరు కూడా.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లోని పర్మాలింక్స్‌లో కస్టమ్ స్ట్రక్చర్ తీసుకుని ఇయర్, మంత్‌నమ్, పోస్ట్‌నేమ్, చివర డాట్ హెచ్‌టీఎంఎల్ పెడితే పాత చిరునామాలే పనిచేస్తాయని అందరూ చెప్తారు. ప్రతి పోస్టుకీ ఇంగ్లీషు అక్షరాల్లో సొంత పర్మాలింక్ రాసుకున్నవాళ్ళకి అది నిజం, అదే చేయండి. బ్లాగ్-పోస్టులతో నిండిన తెలుగు బ్లాగుకి మా సలహా వేరు. పాత రూపాన్ని కాపాడే ప్రయత్నం మానేసి, కొత్తగా పోస్ట్‌నేమ్ పద్ధతి పెట్టుకుని, పాత కొత్త చిరునామాల పట్టిక తయారు చేయండి. గూగుల్ షీట్‌లో ఎడమ పక్క పాత దారి, బ్లాగర్ సైట్‌మ్యాప్ (పోస్టుల చిరునామాలన్నీ ఉండే జాబితా) నుంచి తీసుకున్నది. కుడి పక్క కొత్త దారి. ఈ పట్టికని సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు) దింపుకుని రీడైరెక్షన్ అనే ఉచిత ప్లగిన్‌లోకి ఎక్కిస్తే 300 దారి మళ్ళింపులూ ఒకేసారి పడతాయి. ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి, తెలుగంతా పిచ్చి గుర్తులుగా మారుతుంది. తెరవాల్సి వస్తే డేటా ఇంపోర్ట్ ద్వారా, 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి.

కొత్త స్లగ్ తెలుగులో పెట్టొచ్చుగా? పెట్టొచ్చు, కానీ లెక్క చూడండి.

[తెర మీద: "గుంటూరు గోంగూర పచ్చడి తయారీ", అక్షరాలు విడివిడిగా.]

వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో స్లగ్‌కి 200 స్థానాలే ఉన్నాయి. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో పొల్లు విడివిడిగా 9 స్థానాలు తింటాయి, శాతం గుర్తులతో కలిపి. గుంటూరు అంటే 7 ముక్కలు, 63 స్థానాలు. గోంగూర 6, పచ్చడి 6. మధ్య గీతలతో ఇక్కడికే 174. ఇక తయారీలో "త", "య" వరకే పడతాయి, దీర్ఘం దగ్గర 201 అవుతుంది కాబట్టి అక్కడ తెగిపోతుంది. మీ చిరునామా "పచ్చడి-తయ" అని ఆగిపోతుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు శాతం గుర్తుల వరసగా కనిపిస్తుంది, చూసినవాళ్ళు ఏదో వైరస్ లింకనుకుంటారు. శీర్షిక తెలుగులో నిండుగా ఉంచండి, స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు రాయండి.

వాట్సాప్ అంటే ఇంకో ముఖ్యమైన మాట. ఫోన్లో తెరిచిన బ్లాగర్ పేజీ చిరునామాకి చివర ఎమ్ ఈక్వల్స్ 1 అన్న తోక ఉంటుంది. ఫోన్ నుంచి షేర్ అయిన లింకులన్నిటికీ అది ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌కి ఎమ్ అంటే నెల, సంవత్సరం. 1వ సంవత్సరంలో రాసిన పోస్టు కోసం వెతికి, లేదు పొమ్మంటుంది. అంటే కుటుంబ గ్రూపుల్లో తిరుగుతున్న లింకులే ముందు చస్తాయి. మందు తేలికే. సర్వర్‌కి సూచనలిచ్చే హెచ్‌టీ యాక్సెస్ ఫైల్లో, వర్డ్‌ప్రెస్ రాసుకున్న భాగానికి పైన, ఆ తోక ఉంటే తీసేసి 301తో పంపే రెండు లైన్ల నియమం పెట్టమని హోస్టింగ్ సపోర్ట్ వాళ్ళని అడగండి, రాసిస్తారు.

పాత రచనలేమైనా కొత్తగా చేర్చాలనుకుంటే, విజయవాడ డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించిన ఫైళ్ళని నేరుగా అతికించకండి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, సైటులో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా పడతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తుల దగ్గర ఒకసారి చదివి సరిచూడాలి. థీమ్‌లో కూడా ఒక సవరణ కావాలి. ఇంగ్లీషు థీముల్లో శీర్షికల లైన్ హైట్ (వరసల ఎత్తు) 1.2 దగ్గర ఉంటుంది, కింది ఒత్తులు తర్వాతి వరస మీదికి ఎక్కుతాయి. శీర్షికలకి 1.5, మేటర్‌కి 1.8 పెట్టండి. మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తెర మీద బాగా చదవనిస్తాయి.

మార్చే రోజు విషయానికొస్తే, ముందు రోజే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ని (పాత రికార్డుని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకి తగ్గించండి. కొత్త సైటు పూర్తిగా సిద్ధమయ్యాక ఏ (A) రికార్డులు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ రికార్డు కొత్త హోస్టింగ్‌కి తిప్పండి. డొమైన్ అదే కాబట్టి గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో చూపే సాధనం) అడ్రస్ మార్పు చెప్పక్కర్లేదు, డబ్ల్యూపీ-సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎంఎల్ ఇస్తే చాలు. ఇంట్లో వైఫైలో పాత సైటే కనిపిస్తుంటే కంగారు పడకండి, ఫోన్ మొబైల్ డేటాకి మార్చి చూడండి. వాట్సాప్‌లో పాత లింకులు ఓ పది వెతికి, ఒక్కొక్కటీ నొక్కి, సరైన పోస్టు తెరుచుకుందా అని శీర్షిక చదివి మరీ చూడండి. ఈ దారి మళ్ళింపుల్ని కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. మేమైతే తీసేయొద్దనే అంటాం.

బ్లాగర్ డాష్‌బోర్డులో పాత బ్లాగుని డిలీట్ చేయకండి, కస్టమ్ డొమైన్ సెట్టింగ్ కూడా కదపకండి. బ్లాగ్‌స్పాట్ లింకులు మీ డొమైన్‌కి వస్తున్నది దాని మీదుగానే. రెండేళ్ళు వాడని ఖాతాలని గూగుల్ తొలగించవచ్చు కాబట్టి, ఆ పాత జీమెయిల్‌లోకి ఏడాదికి ఒకసారైనా లాగిన్ అవ్వండి. ఫోన్ క్యాలెండర్‌లో డొమైన్ రెన్యూవల్ తేదీ పక్కనే దాన్నీ రాసిపెట్టుకోండి.