మలబద్ధకం చెప్పుకోడానికి సిగ్గెందుకు?

వేదిక మీది పెద్దలకూ, ఎండనపడి వచ్చిన మా ఉద్దానం అక్కచెల్లెళ్లకూ, అన్నదమ్ములకూ నమస్కారం. ప్రపంచ కిడ్నీ దినోత్సవం కదా, బీపీ గురించి చెప్పమన్నారు. చెబుతాను. కానీ డయాలసిస్ వార్డులో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసినదాన్ని, ముందు కడుపు సంగతి చెప్పనివ్వండి.

కవిటి దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. మా అన్నయ్యకు, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్షలో, క్రియాటినిన్ 4 దాటాక ఒక ఆసుపత్రిలో కాగితం చేతికిచ్చారు. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, ఆకుకూర వద్దు, పప్పు వద్దు. పొటాషియం పెరుగుతుందన్న భయం నిజమైనదే. మరి ఏం తినాలో ఆ కాగితంలో లేదు. తన చెట్ల కిందే కూర్చుని, తెల్లన్నంలో పల్చటి చారు పోసుకుని తినేవాడు. నాలుగు రోజులైనా విరేచనం అయ్యేది కాదు. నర్సు చెల్లెలికి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు నాది.

పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయి. పీచు అందితే అవి పేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. పీచు లేక, మలం రోజుల తరబడి నిలిచిపోతే, మాంసకృత్తుల మీద పడతాయి. వాటిలోని ట్రిప్టోఫాన్ అనే భాగాన్ని ఇండోల్ అనే పదార్థంగా చేస్తాయి. కాలేయం దాన్ని ఇండాక్సిల్ సల్ఫేట్ అనే విషంగా మారుస్తుంది. మంచి కిడ్నీ దాన్ని మూత్రంలో పారేస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ పారేయలేదు. అది రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తును పట్టుకుని ఉంటుంది కాబట్టి, డయాలసిస్ మిషన్ నాలుగు గంటలు తిరిగినా పోయేది కొంచెమే. పైగా రక్తంలో పెరిగిన యూరియా పేగులోకి దిగితే ఈ బాక్టీరియాయే దాన్ని అమ్మోనియా చేస్తాయి, పేగు గోడ దెబ్బతింటుంది. వార్డులో ఇన్నేళ్లున్నా ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. అన్నయ్య పోయాక చదువుకున్నాను.

ఇంకో మాట వినండి. కిడ్నీ పనిచేయనప్పుడు పొటాషియం కొంత పెద్దపేగు దారినే బయటికి పోతుంది. మలబద్ధకమైతే ఆ దారీ మూసుకుపోతుంది. పొటాషియానికి భయపడి కూరలన్నీ మానేసిన మనిషికి ఎంత అన్యాయం జరిగిందో చూడండి!

మన ఉద్దానంలో ఇంతమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు పేగే కారణమని నేననడం లేదు. కారణం ఇంకా తేలలేదు. మంచి బాక్టీరియా ఉన్నాయని అమ్మే ప్రోబయోటిక్ పొడులు కొనమనీ అనను. జపాన్‌లో 1991 నుంచి ఇండోల్‌ను పేగులోనే పీల్చే బొగ్గు మందు వాడుతున్నారు. బయటి దేశాల్లో పెద్ద ఎత్తున పరీక్షిస్తే, కిడ్నీ పాడవడాన్ని అది ఆపుతుందని రుజువు కాలేదు. నేను అడిగేది చిన్నది. ఏ కూర ఎంత తినొచ్చో డాక్టరు చేత రాయించుకోండి. ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి, గంజి వార్చినట్టు వార్చేయండి, పొటాషియం తగ్గుతుంది. విరేచనాల మందు సొంతంగా కొనకండి. కొన్నింటిలో మెగ్నీషియం ఉంటుంది, అది మీ కిడ్నీకి బరువు.

బీపీ గురించి చెప్పలేదు, డాక్టరుగారు చెబుతారు. వెనక వరసలో చేతికి డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన ఫిస్టులా ఉన్న తమ్ముడూ, ఇందాక తల దించుకున్నావు, చూశాను. ఎన్ని రోజులైంది నాయనా? అందరిలో చెప్పక్కర్లేదు. నేను ఆ మెట్ల దగ్గర కూర్చుంటాను, వచ్చి చెవిలో చెప్పు.